‘ఓపస్ 1’లో ఆ రంగు ముద్దలు ఎలా కదిలాయి? – 1920ల ప్రయోగ యానిమేషన్ పద్ధతులు

సింధు_యానిమ్
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో యానిమేషన్ కోర్సు రెండో ఏడాది చదువుతున్నాను. పోయిన వారం ఫిల్మ్ హిస్టరీ క్లాసులో వాల్టర్ రుట్‌మన్ తీసిన ‘లిష్ట్‌ష్పీల్ ఓపస్ 1’ వేశారు. 1921 నాటి జర్మన్ సినిమా. కథ లేదు, మనిషి లేడు. ఒక పక్క నుంచి గుండ్రటి ముద్ద ఉబ్బుతూ వస్తుంది, ఇంకో పక్క నుంచి కోసుగా ఉన్న త్రికోణాలు దూసుకొచ్చి దాన్ని పొడుస్తాయి. అది ముడుచుకుని, సాగి, జారిపోతుంది. క్లాసు అయిపోయాక కూడా నేను దాని గురించే ఆలోచిస్తూ ఉన్నాను.

నా సందేహం ఏంటంటే, ఆ ముద్దల అంచులు చాలా మెత్తగా ఉన్నాయి, కాగితం మీదో సెల్ (యానిమేషన్‌కు వాడే పారదర్శక రేకు) మీదో గీసినట్టు లేవు. త్రికోణాల అంచులు మాత్రం కత్తితో కోసినంత పదును. రెండూ ఒకే పద్ధతిలో చేశారా? కెమెరా ముందు అసలేం జరిగిందో ఎవరికైనా వివరంగా తెలిస్తే చెప్పండి. సెమిస్టర్ ప్రాజెక్టుగా ఇలాంటిదే ఒక నిమిషం సినిమా చేయాలని ఉంది.

పాతరీలు
సింధు గారూ, ఆ అంచుల తేడాను పట్టుకున్నారంటే సగం జవాబు మీ దగ్గరే ఉంది. అవి రెండు వేర్వేరు పద్ధతులు.

రుట్‌మన్ ఆర్కిటెక్చర్ చదివి, తర్వాత చిత్రకారుడయ్యాడు. సెల్లో అనే తీగవాద్యం కూడా వాయించేవాడు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చాక, కదలని బొమ్మలు వేయడం ఇక చాలనుకుని సినిమా వైపు వచ్చాడు. 1920లో తన యానిమేషన్ బల్లకు పేటెంట్ కూడా తీసుకున్నాడు. పని ఇలా సాగేది: కెమెరా కింద గాజు పలక, దాని మీద నూనె రంగు. బ్రష్‌తో ఒక గీత వేస్తే ఒక ఫ్రేమ్. ఆ గీతలో కొంచెం తుడిస్తే ఇంకో ఫ్రేమ్. నూనె రంగు తొందరగా ఆరదు కాబట్టి అదే రంగును లాగొచ్చు, సాగదీయొచ్చు, పూర్తిగా చెరిపేయొచ్చు. ముద్దలు అలా వచ్చినవే. ఆ తర్వాత వేరే గాజు పొర మీద కత్తిరించిన రేఖాగణిత ఆకారాలు పెట్టి, వాటిని ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ జరిపాడు. పదును అంచులు అక్కడివి.

దీనివల్ల ఏమవుతుందో చూడండి. కాగితం మీద గీస్తే వంద బొమ్మలు వందగానే మిగులుతాయి, నచ్చకపోతే నలభయ్యోది తీసి మళ్ళీ గీసుకోవచ్చు. తడి రంగులో ఆ వీలు లేదు. రెండో ఫ్రేమ్ తయారవ్వాలంటే మొదటిది చెరిగిపోవాలి. అందుకే ఆ సినిమాలో ఏ ఆకారమూ అచ్చు గుద్దినట్టు మళ్ళీ రాదు, ఉన్నదాంట్లోంచే కొత్తది ఊరుతుంది. ఉబ్బడం, సాగడం, జారడం ఆ పదార్థం గుణం. రుట్‌మన్ గొప్పతనం ఆ గుణానికి అడ్డుపడకపోవడంలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

రంగుల గురించి కూడా ఒక మాట. తీసింది నలుపు తెలుపు ఫిల్ము మీదే. ప్రదర్శనకు వెళ్ళే ప్రింటును రంగునీళ్ళలో ముంచడం, రసాయనంతో వెండి పొర రంగు మార్చడం, చేత్తో అద్దడం – ఈ మూడూ కలిపి వాడారు. రంగులు వచ్చింది ప్రింటు తయారయ్యాకే.

ఫ్రాంక్‌ఫర్ట్_తెలుగు
నేనుండే ఊరికి ఈ కథలో పెద్ద భాగమే ఉంది కాబట్టి చెప్పకుండా ఉండలేను. బెర్లిన్‌లోని మార్మోర్‌హౌస్‌లో ‘ఓపస్ 1’ విడుదలైంది 1921 ఏప్రిల్ 27న. అంతకు ముందే, అదే నెల మొదట్లో, ఇక్కడ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక ప్రదర్శన జరిగింది. బెర్న్‌హార్డ్ డీబోల్ట్ అనే విమర్శకుడు దాన్ని చూసి కొత్త కళ పుట్టిందని పత్రికలో రాశాడు. ఆయన పరిచయస్తుల్లో ఇక్కడి టర్బైన్ల ఫ్యాక్టరీలో పనిచేసే 20 ఏళ్ళ కుర్రాడు ఒకడున్నాడు. పేరు ఓస్కర్ ఫిషింగర్. ఆ ప్రదర్శన చూశాక ఇక వేరే పని మీదకు మనసు పోలేదు అతనికి. 1922లో ఉద్యోగం వదిలి మ్యూనిక్ వెళ్ళిపోయాడు.

అతని మైనం యంత్రం గురించి ఇక్కడ చెప్పగలిగిన వాళ్ళు ఒకరున్నారు. @లేత్‌మెషిన్ అన్నా, రావాలి మీరు.

లేత్‌మెషిన్
వచ్చాను. విశాఖలో మెషిన్ షాపు నడుపుతాను, సినిమా వాణ్ణి కాదు. కానీ ఈ యంత్రం గురించి చదివినప్పుడు నాకు రెండు రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు, అంత బాగుంది ఆ ఆలోచన.

ఫిషింగర్ ఏం చేశాడంటే, మైనంలో కయొలిన్ మట్టి కలిపి పెద్ద దిమ్మె తయారుచేశాడు. దిమ్మె లోపల వేరే రంగు మైనంతో ఆకారాలు అమర్చాడు. దాన్ని ఒక యంత్రానికి బిగించాడు. అందులో ఒక పెద్ద కత్తి తిరుగుతూ దిమ్మె ముందు భాగాన్ని పలచటి పొరగా కోసేస్తుంది. ఆ కత్తినీ కెమెరా షట్టర్‌నీ జత చేశాడు. ఒక కోత, ఒక ఫ్రేమ్. మళ్ళీ కోత, మళ్ళీ ఫ్రేమ్.

ఉడికించిన కోడిగుడ్డును చక్రాలుగా కోయండి. మొదట అంతా తెలుపు. తర్వాత మధ్యలో చిన్న పసుపు చుక్క, అది పెరిగి పెద్ద వృత్తమై, మళ్ళీ తగ్గి మాయమవుతుంది. ఆ చక్రాలను వరసగా ఫొటో తీసి నడిపిస్తే పచ్చసొన పుట్టి, పెరిగి, పోయినట్టు కనిపిస్తుంది. దిమ్మె లోపల శంకువు పెడితే తెర మీద వృత్తం పెరుగుతుంది. ఏటవాలుగా కడ్డీ పెడితే చుక్క ఒక పక్కనుంచి ఇంకో పక్కకు నడుస్తుంది. కడ్డీని మెలితిప్పి పెడితే చుక్క సుడి తిరుగుతుంది.

అంటే దిమ్మె పొడవే కాలం. ఒక్కో పొర అర మిల్లీమీటరు అనుకోండి, సెకనుకు 18 ఫ్రేములు అనుకోండి, నిమిషం సినిమాకు 1,080 పొరలు, అంటే 54 సెంటీమీటర్ల దిమ్మె. నిమిషం సినిమా మొత్తం ముందే బల్ల మీద ఘనంగా కూర్చుని ఉంటుంది!

గోడమీదబొమ్మ
యంత్రం చాలా బాగుంది కానీ నాకో అభ్యంతరం. కత్తి కోస్తుంటే కెమెరా తీస్తుంది. అందులో యానిమేటర్ ఏం చేసినట్టు? రుట్‌మన్ ప్రతి ఫ్రేమ్‌కీ చెయ్యి పెట్టాడు, నిర్ణయం తీసుకున్నాడు. ఇక్కడ లోపలున్నది బయటపడుతోందంతే. నా లెక్కలో ఇది యానిమేషన్ కాదు, ఒక రకమైన రికార్డింగ్.

లేత్‌మెషిన్
అన్నా, నిర్ణయాలు పోలేదు, ముందుకు జరిగాయి. మెలితిప్పిన కడ్డీని ఎంత వంచితే తెర మీద ఎంత వేగంగా తిరుగుతుందో లెక్క కట్టి దిమ్మె పోయాలి. పోత అయిపోయాక మార్చడానికి ఉండదు. చేసిన తప్పు కత్తి కిందకు వచ్చేదాకా తెలియదు. ఇవాళ త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మొత్తం సెట్ చేసి రెండర్ పెట్టి పడుకునే వాళ్ళను మనం యానిమేటర్లనే అంటున్నాం కదా.

పాతరీలు
ఇద్దరి మాటలోనూ పట్టు ఉంది. కానీ ఆ యంత్రం రుట్‌మన్ చేతికే వెళ్ళిందన్నది మర్చిపోవద్దు. ఫిషింగర్ దగ్గర హక్కు తీసుకుని, లోటే రైనిగర్ తీసిన నీడబొమ్మల సినిమా ‘రాజకుమారుడు అహ్మద్ సాహసాలు’ (1926)లో మాయలూ మంత్రాలూ వచ్చే చోట్ల రుట్‌మన్ దాన్ని వాడాడు. ప్రతి ఫ్రేమ్‌నూ చేత్తో తుడిచిన మనిషికే కత్తి కోసిన పొరలూ కావాల్సి వచ్చాయి. సుడులు, పొగలు లాంటి కదలికలు బ్రష్‌తో అంత నునుపుగా రావు.

నీడబొమ్మ
రైనిగర్ పేరు వచ్చింది కాబట్టి నేనూ ఒక మాట. మాది ధర్మవరం దగ్గర. నిమ్మలకుంట తోలుబొమ్మలు చూస్తూ పెరిగినవాణ్ణి. అందుకే ‘అహ్మద్’ గురించి ఎక్కడ చర్చ జరిగినా “మన తోలుబొమ్మలాటే కదా” అని ఎవరో ఒకరు అంటారు. నాకు అది నచ్చదు. రెండింటి మీదా ప్రేమతోనే చెబుతున్నాను.

మన బొమ్మ మేకతోలుది. తోలును పలచగా గీకి, రంగులద్ది, నగల దగ్గర చిల్లులు పొడుస్తారు. దీపం వెలుగు బొమ్మలోంచి దూరి వస్తుంది, అందుకే తెర మీద ఎరుపు ఎర్రగానే కనిపిస్తుంది. రైనిగర్ బొమ్మలు నల్ల అట్టవి, పలచటి సీసపు రేకు వాడినవి. వెలుగును పూర్తిగా ఆపేస్తాయి. మనకు కనపడేది అంచు ఒక్కటే. ముఖంలో కన్ను లేదు, నవ్వు లేదు. బాధయినా కోపమైనా మెడ వంపులో, వేళ్ళ కొసల్లో చూపించాలి. ఆమె కత్తెర పనితనం మొత్తం అక్కడే ఉంది.

ఇంకో పెద్ద తేడా. మన ఆటగాడు బొమ్మను ఆడిస్తూ పాడతాడు, జనం కేక వేస్తే అక్కడే ఇంకో నాలుగు గంతులు వేయిస్తాడు. రైనిగర్ బొమ్మ గాజు బల్ల మీద పడుకుని ఉంటుంది. కింద నుంచి దీపం, పైన కెమెరా. చెయ్యి కొంచెం కదిపి ఒక ఫ్రేమ్, ఇంకొంచెం కదిపి ఇంకో ఫ్రేమ్. బ్యాంకరు లూయీ హాగెన్ ద్రవ్యోల్బణం భయంతో ముడి ఫిల్ము కొని పెట్టుకుంటే, ఆ ఫిల్ముతో, పాట్స్‌డామ్‌లో ఆయన గ్యారేజీ మీది గదిలో, 1923 నుంచి 1926 దాకా ఆమె ఆ పని చేసింది. గంటకు పైగా నిడివి ఉన్న సినిమా. తోలుబొమ్మల ఆటగాడి ఓపిక వేరు, ఆమె ఓపిక వేరు.

సింధు_యానిమ్
నీడబొమ్మ గారూ, ఈ పోస్ట్ ప్రింట్ తీసి మా క్లాసులో పెడతాను. థాంక్యూ!

ఇంకో ప్రశ్న. ‘డయాగనల్ సింఫనీ’ కూడా చూశాను, వైకింగ్ ఎగెలింగ్‌ది. నల్లటి తెర మీద తెల్లటి గీతలు పళ్ళు పళ్ళుగా పెరుగుతాయి, ఒక్కొక్కటే మాయమవుతాయి. అది మటుకు గీసిందే కదా?

పాతరీలు
గీసింది కాదు, కోసింది. తగరపు రేకులోంచి ఆకారాలు కత్తిరించి కెమెరా కింద కొద్దికొద్దిగా మార్చుతూ తీశారు.

ఎగెలింగ్ స్వీడన్‌లో లుండ్ అనే ఊళ్ళో పుట్టాడు. 1918లో జ్యూరిక్‌లో కవి ట్రిస్టన్ జారా ఆయన్ని చిత్రకారుడు హాన్స్ రిష్టర్‌కు పరిచయం చేశాడు. ఇద్దరూ పొడవాటి కాగితపు చుట్టల మీద ఒక ఆకారాన్ని మెట్టుమెట్టుగా మార్చుతూ గీసేవాళ్ళు. చుట్ట విప్పుతూ చూస్తే కన్ను దాని వెంట కదులుతుంది. అక్కడి నుంచి ‘దీన్నే సినిమాగా తీస్తే’ అనే ఆలోచన వచ్చింది. రిష్టర్ చతురస్రాలకే కట్టుబడ్డాడు: కాగితపు చతురస్రం పెద్దదైతే దగ్గరకు వచ్చినట్టు, చిన్నదైతే దూరం పోయినట్టు, తెల్లది నల్లదైతే తెర మొత్తం లోపలికి తిరగబడినట్టు. ఎగెలింగ్ దృష్టి దగ్గర–దూరాల మీద లేదు. ఆయన ఆకారం ఉన్నచోటే ఉండి పెరుగుతుంది, తరుగుతుంది.

ఆ రేకుల పని చేసింది ఎక్కువగా ఎర్నా నీమాయర్. వైమార్‌లోని బౌహౌస్ కళాపాఠశాలలో చదువుకున్న అమ్మాయి. 1923 నుంచి ఎగెలింగ్‌తో కలిసి ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ తీసింది. తర్వాత రే సుపో అనే పేరుతో ఫొటోగ్రాఫర్‌గా ప్రసిద్ధురాలైంది. సినిమా చరిత్ర చెప్పేటప్పుడు ఎగెలింగ్ పేరు దగ్గర ఆగిపోతారు. మీ ప్రెజెంటేషన్‌లో ఆమె పేరు తప్పకుండా పెట్టండి.

1925 మే 3న బెర్లిన్‌లో, కూర్‌ఫ్యుర్‌స్టెన్‌డామ్ మీదున్న ఉఫా థియేటర్లో, ‘అబ్సొల్యూట్ ఫిల్మ్’ పేరుతో ఒక ఉదయం ఆట వేశారు. రుట్‌మన్, రిష్టర్, ఎగెలింగ్‌ల సినిమాలు, ఫ్రాన్సు నుంచి లెజే ‘బాలే మెకానిక్’, రెనే క్లేర్ ‘ఆంత్రాక్ట్’ అన్నీ ఒకే పూట. ఎగెలింగ్ ఆ నెల 19న చనిపోయాడు. వయసు 44.

శ్రుతిలయ
సింధూ, ‘డయాగనల్ సింఫనీ’ ఏ వీడియోలో చూశావు? పియానోనో ఎలక్ట్రానిక్ మ్యూజిక్కో కలిపిన వీడియో అయితే మ్యూట్ చేసి మళ్ళీ చూడమ్మా. నేను సంగీతం నేర్పుతాను కాబట్టి ఈ విషయంలో కొంచెం గట్టిగానే చెబుతాను. ఎగెలింగ్ దాన్ని నిశ్శబ్దంగానే చూడాలని తీశాడు. ఒక పదబంధం రావడం, దాని తిరగేసిన రూపం రావడం, రెండూ కలవడం – ఆ సంగీతమంతా గీతల్లోనే ఉంది. పైన ఇంకో లయ పెడితే కన్ను దాని వెంట పడిపోతుంది, గీతల లయ వినపడదు.

రుట్‌మన్ విషయం అందుకు పూర్తిగా వ్యతిరేకం. ‘ఓపస్ 1’ కోసం మాక్స్ బుటింగ్ తీగవాద్యాలకు ప్రత్యేకంగా సంగీతం రాశాడు. తెర మీద ఏ ఆకారం వచ్చినప్పుడు ఏ స్వరం పడాలో వాద్యకారులకు తెలియడానికి ఆ స్వరలిపి కాగితాల మీద రుట్‌మన్ రంగు బొమ్మలు వేసి ఇచ్చాడు. మొదటి ప్రదర్శనలో సెల్లో తనే వాయించాడు. అది మాత్రం సంగీతంతోనే చూడాలి, ఆ సంగీతంతోనే.

పాతరీలు
శ్రుతిలయ గారు చెప్పినదానికి తోడు, వేగం కూడా చూసుకోవాలి. మూకీ సినిమాలను సెకనుకు 16–18 ఫ్రేముల దగ్గర నడిపేవాళ్ళు. 24 దగ్గర ఎక్కించిన వీడియోలో అదే సినిమా మూడో వంతు పైగా తొందరగా పరిగెడుతుంది. ఎగెలింగ్ సినిమాకు అంతకన్నా అన్యాయం ఉండదు.

గోడమీదబొమ్మ
సరే, నా పాత ప్రశ్ననే ఇంకో మెట్టు ఎక్కిస్తాను. మాన్ రే ‘ల రిటూర్ ఆ ల రెజోఁ’ (1923) మాటేంటి? చీకటి గదిలో పచ్చి ఫిల్ము పరిచి, ఉప్పూ మిరియాల పొడీ చల్లి, గుండుసూదులూ బొటనమేకులూ పడేసి, ఒకటి రెండు సెకన్లు లైటు వేశాడు. కెమెరానే లేదు. ఫ్రేము హద్దులు కూడా పట్టించుకోలేదు. ఒక్క మేకు నాలుగైదు ఫ్రేముల మీదుగా పడి ఉంటుంది. నడిపిస్తే తెర నిండా ఎగిరిపడుతుంది. ఇది కూడా యానిమేషనేనా?

పాతరీలు
ఈ ప్రశ్నకు నా జవాబు లెన్ లై దగ్గర దొరికింది. న్యూజిలాండ్ నుంచి లండన్ వచ్చిన కళాకారుడు. 1935లో ‘ఎ కలర్ బాక్స్’ను కెమెరా లేకుండా, నేరుగా ఫిల్ము మీద రంగులు పూసి తీశాడు. పొడవునా సాగే గీతలు ఫ్రేము హద్దులు దాటుకుంటూ పోతాయి, కాబట్టి తెర మీద అవి వణుకుతూ నిలబడతాయి. చుక్కలు, చారలు దాని మీద గంతులేస్తాయి. గీత ఎంత వణకాలో, ఎక్కడ తెగాలో లైకి తెలుసు, క్యూబన్ డాన్స్ బాణీకి లెక్కగా కుదిర్చాడు. మాన్ రే మేకులు ఎక్కడ పడతాయో మాన్ రేకి తెలియదు. నా వరకు మాన్ రే ఆ పద్ధతిని తెరిచాడు, లై దాన్ని యానిమేషన్ చేశాడు. మీరు ఒప్పుకోకపోవచ్చు.

గోడమీదబొమ్మ
ఒప్పుకుంటున్నాను. ఫిషింగర్ విషయంలో మాత్రం ఇంకా ఆలోచించాలి.

ఫ్రాంక్‌ఫర్ట్_తెలుగు
‘కలర్ బాక్స్’ నిజానికి బ్రిటిష్ తపాలా శాఖ పార్సిల్ ధరలు తగ్గాయని చెప్పే ప్రకటన! చివర్లో ఆ అక్షరాలు వస్తాయి. వీళ్ళందరి బతుకూ అంతే. రుట్‌మన్ 1922లో తీసిన ‘డెర్ జీగర్’ ఎక్సెల్సియర్ టైర్ల ప్రకటన. ఫిషింగర్ 1934లో మురాట్టి సిగరెట్లను సైన్యంలా నడిపించాడు. ఆ డబ్బుతోనే మిగతా పని నడిచింది.

ఆ తర్వాత దారులు విడిపోయాయి. నైరూప్య కళను నాజీలు దిగజారిన కళ అని వేటాడారు. ఫిషింగర్ 1936లో హాలీవుడ్ వెళ్ళిపోయాడు. రుట్‌మన్ ఇక్కడే ఉండి ఆ ప్రభుత్వానికి ప్రచార చిత్రాలు తీస్తూ 1941లో బెర్లిన్‌లో చనిపోయాడు. ‘ఓపస్ 1’ను నేను ఇష్టంగానే చూస్తాను. కానీ క్లాసులో ఆయన గురించి చెప్పేటప్పుడు 1921తో ఆపేయడం సరి కాదు.

సింధు_యానిమ్
ఇది కూడా స్లైడ్‌లో పెడతాను.

ఈ ఆదివారం మొదటి టెస్ట్ చేశాను. పాత కిటికీ గాజు పలక, రెండు ఇటుకలు, పైన స్టాండుకు బిగించిన ఫోన్. పోస్టర్ కలర్ ఐదు నిమిషాల్లో పొడిబారి, పగిలి పొట్టు లేచింది, అందుకే పాతరీలు గారు చెప్పినట్టు ఆయిల్ కలర్‌లో అవిసె నూనె చుక్కలు కలిపాను. అది అద్భుతంగా సాగింది. ఇయర్‌బడ్‌తో అంచు తుడిస్తే ముద్ద నిజంగా ఊపిరి పీల్చినట్టు కదిలింది, ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. రెండు ఇబ్బందులు: తుడిచిన చోట పలచటి మరక మిగిలిపోతోంది. వీడియో మొత్తం మినుకు మినుకుమంటోంది. ఈ రెండింటికీ మందు చెప్పండి.

లేత్‌మెషిన్
మినుకు ఫోన్ వల్ల. ప్రతి ఫొటోకీ అదే వెలుగు కొలుచుకుని మార్చుకుంటోంది. మాన్యువల్ మోడ్‌లో ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ లాక్ చేయమ్మా. కిటికీ తలుపులు మూసేసి ఒక్క లైటుతోనే తీయి, లేకపోతే మబ్బు పట్టినప్పుడల్లా ఫ్రేము మారిపోతుంది. షట్టర్ మరీ వేగంగా పెట్టకు, ఎల్‌ఈడీ మినుకు కూడా పట్టేస్తుంది.

పాతరీలు
మరకను తీసేయాలని ఎందుకు? ఫిషింగర్ 1947లో ‘మోషన్ పెయింటింగ్ నం. 1’ తీసినప్పుడు అసలు తుడవనే లేదు. ప్లెక్సిగ్లాస్ పలక మీద నూనె రంగు, ఒక్కో బ్రష్ దెబ్బకు ఒక్కో ఫ్రేమ్, నెలల తరబడి. రంగు మందమైపోయినప్పుడు దాని మీద ఇంకో పలక వేసి పని కొనసాగించాడు. పాత గీతలు కింద ఉండగానే కొత్తవి పెరుగుతాయి. మీకు శుభ్రమైన గాజే కావాలంటే టర్పెంటైన్ తడిపిన గుడ్డతో తుడవండి, కిటికీలు మూసుకుని తీస్తున్నారు కాబట్టి మధ్యమధ్యలో గది తెరిచి గాలి ఆడనివ్వండి. మరక ఉంచుకునేట్టయితే దాన్ని మొదటి ఫ్రేమ్ నుంచే లెక్కలో పెట్టుకోండి.

త్రికోణాలకు రెండో గాజును పైన నాలుగు అంగుళాల ఎత్తులో పెట్టండి. లైటు ఒక పక్కనుంచి ఏటవాలుగా రావాలి, అప్పుడు వాటి నీడ రంగు మీద పడకుండా బయటికి పోతుంది. ఒక్కో మార్పుకు రెండు ఫ్రేములు తీస్తే 24 దగ్గర నిమిషానికి 720 మార్పులు చాలు. రెండో టెస్ట్ కూడా ఇక్కడే పెట్టండి, త్రికోణాలతో సహా.